అద్దె కట్టే లాండ్‌లార్డు

ఇంగ్లండులో పబ్బు నడిపే మనిషిని అక్కడి జనం లాండ్‌లార్డు అంటారు. స్త్రీ అయితే లాండ్‌లేడీ. నిఘంటువు ముందు పెట్టుకొని ఈ మాటను తెనిగించబోయినవాడికి చిక్కు తప్పదు. భూస్వామి అంటే నవ్విపోతారు. ఇంటి యజమాని అన్నా పొసగదు. ఎందువల్లనంటే, ఆ బిరుదు ధరించినవారిలో అనేకులకు ఆ నేలా తమది కాదు, ఆ కట్టడమూ తమది కాదు, వాకిట్లో వేలాడే సింహం బొమ్మ పలకైనా తమది కాదు. వాయిదా తప్పకుండా అద్దె కట్టి, ఆ అద్దె కొంప మేడమీదనే కాపురముండే కౌలుదారుకు ఆ దేశంలో ‘లాండ్‌లార్డు’ అని పేరు.

అదే మనిషికి ‘పబ్లికన్’ అని మరొక పేరున్నది. పాత ఇంగ్లీషు బైబిల్లో ఈ మాట వున్నచోట తెలుగు బైబిల్లో ‘సుంకరి’ అని కనబడుతుంది. రోము రాజ్యంలో పన్నుల వసూలును వేలంలో పాడుకొని, పాటసొమ్ము ఖజానాకు కట్టి, ఆపైన రాబట్టుకొన్నది తాను తినేవాడు పబ్లికన్. కొన్ని శతాబ్దాలు గడిచాక ఆ మాట ‘పబ్లిక్ హౌస్’ నడిపేవాడికి అంటుకొన్నది. అర్థం పూర్తిగా మారిపోయిందంటారు గాని, అంతగా మారలేదేమోననే అనుమానం కలుగుతుంది. గ్లాసు బీరు ధరలో సర్కారువారి సుంకం వున్నది, నూటికి ఇరవై వంతున వ్యాట్ వున్నది, కంపెనీవారి అద్దె వున్నది, కరెంటు వున్నది, పనివాళ్ల జీతాలున్నవి. వీటన్నిటినీ జనం దగ్గర వసూలు చేసి, ఎవరిది వారికి అప్పగించి, గ్లాసు అడుగున మిగిలిన నురుగుతో తన సంసారం గడుపుకొనేవాడే ఈనాటి లాండ్‌లార్డు కూడా.

తెలుగు పాఠకుడికి ఇదంతా వినగానే సారాకొట్టు గుర్తుకు రావడం సహజం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కొంగు బిగించి సారాకొట్టు మూయించిన కథ ఎరిగినవారికి, తాగుడు అంగడి నడపడం కూడా ఒక బ్రతుకుతెరువేనా అనిపించడం న్యాయమే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనుకొనే దేశం మనది. ఇంగ్లండులో తాగుడువల్ల కూలిన సంసారాలు లేవని ఎవరూ అనరు. అయినా పబ్బూ సారాకొట్టూ ఒకటి కావు. పల్లెటూరి పబ్బు సగం రచ్చబండ, సగం కాఫీ హోటలు. చలికాలపు సాయంత్రం ముసలి రైతు తన కుక్కను వెంటబెట్టుకొని వచ్చి, పొయ్యి పక్కన కూర్చొని, ఒక్క పింటు బీరును గంటన్నర సేపు తాగుతాడు. పెండ్లివిందు అక్కడే. శ్మశానంనుంచి తిరిగివచ్చి చుట్టాలు కూర్చునేది అక్కడే. పోస్టాఫీసు ఎత్తివేసిన ఊళ్లో, బస్సు రావడం మానేసిన ఊళ్లో, నలుగురు మనుషుల ముఖం చూడగల చోటు అదొక్కటే కావచ్చు. అందుకే పబ్బు మూతబడిందంటే తాగనివాళ్లు సైతం బాధపడతారు.

ఇటువంటి చోటికి యజమాని కావాలనే కోరిక ఆ దేశపు మధ్యతరగతి మనిషికి నలభై దాటిన తరువాత పుట్టే జబ్బులలో ఒకటి. బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, సైన్యంనుంచి విరమించినవాడు, ముప్పై ఏళ్లు ఒకే ఫైళ్లు తిరగేసి విసిగిన ఉద్యోగి: వీరందరి పగటికలలోనూ ఒక పాతకాలపు గది, నిప్పు రాజుకొంటున్న పొయ్యి, ఇత్తడి పంపులు, తనను పేరుపెట్టి పలకరించే జనం వుంటారు. రచయిత జార్జి ఆర్వెల్ 1946లో ఒక పత్రికకు రాసిన వ్యాసంలో తనకు నచ్చిన పబ్బును గురించి వివరంగా ముచ్చటించి, చివరకు అటువంటిది ఎక్కడా లేదని తేల్చేశాడు. ఆ పబ్బుకు ఆయన పెట్టిన పేరు ‘మూన్ అండర్ వాటర్’. లేని పబ్బుమీద ఇంత మోజు పడగలిగిన జనం, వున్న పబ్బు అద్దెకు దొరుకుతుందంటే ఆగుతారా? దూరపు కొండలు నునుపు. పైగా అనుభవం అక్కరలేదు, శిక్షణ మేమిస్తాము అనే ప్రకటనలకు ఏనాడూ కొదువ లేదు. అనుభవం లేనివారిని ఏరికోరి పిలిచే వృత్తి ఏదైనా వున్నదంటే, ఆ పిలుపు వెనుక ఏమున్నదో ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి వుంటుంది. కొత్తవారి అవసరం అంత తరచుగా కలుగుతున్నదంటే పాతవారు తరచుగా పోతున్నారనే గదా అర్థం!

అసలు చట్టమే అనుభవం లేనివారిని చేయి పట్టి పిలిచిన కాలం ఒకటున్నది. 1552నుంచి ఆ దేశంలో ఏలు అమ్మాలంటే మేజిస్ట్రేట్ల అనుమతి వుండాలి. 1830లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ప్రభుత్వం ఆ కట్టు తెంపింది. స్థానిక పన్ను చెల్లించే ఏ గృహస్థుడైనా సరే, రెండు గినీలు కట్టి లైసెన్సు తీసుకొని, తన ఇంటి ముందుగదిలోనే పీపా పెట్టుకొని బీరు అమ్మవచ్చునన్నది. జిన్ను అనే ఘాటైన సారాయినుంచి జనాన్ని బీరువైపు మళ్లించాలని ఒక ఉద్దేశం. పెద్ద బ్రూవరీల గుత్తాధిపత్యాన్ని దెబ్బతీయాలని మరొకటి. తొలి ఆరునెలల్లోనే ఇరవై వేలకు పైగా బీరు ఇళ్లు వెలిశాయి. కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, మొగుడు పోయిన ఇల్లాలు, ఎవరు పడితే వారు రాత్రికి రాత్రి పబ్లికన్ అయ్యారు. పగలు కొలిమి, రాత్రి పీపా. వాళ్లలో చాలామందికి లెక్కలు రావు. అప్పు రాసుకోవడం మాత్రం వచ్చు. 1869లో ప్రభుత్వం మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికి తాళాలిచ్చింది. ఆ ముందుగదులే పెరిగి పెద్దవై, నేటి పల్లెటూరి పబ్బులలో ఎన్నింటికో పునాది అయినవి.

తరువాతి కథలో వింతలున్నవి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మందుగుండు కర్మాగారాల కార్మికులు తాగి పని చెడగొడుతున్నారని 1915లో వేళలు బిగించారు. మధ్యాహ్నం పూట పబ్బు మూయాలనే ఆ నియమం యుద్ధం ముగిసిన తరువాత ఏడు దశాబ్దాలు బ్రతికి, 1988లో గాని పోలేదు. ఒకరికి మరొకరు తాగించడం నేరమని కూడా ఆ యుద్ధకాలంలో చాలాచోట్ల ఉత్తర్వు వేశారు. కార్లైల్ ప్రాంతంలోనైతే 1916లో సర్కారు బ్రూవరీలనూ పబ్బులనూ తానే స్వాధీనం చేసుకొని, 1973 దాకా నడిపింది. అక్కడ పబ్బు యజమాని జీతం తీసుకొనే ప్రభుత్వోద్యోగి. ఎక్కువ అమ్మితే ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019నుంచి 2024 దాకా మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపడం చూసినవారికి ఇది కొత్తగా తోచదు.

నేడు ఇంగ్లండులో ఈ వృత్తికి కావలసిన అర్హత చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2003నాటి లైసెన్సింగు చట్టం 2005 నవంబరులో అమలులోకి వచ్చాక ఈ వ్యవహారం మేజిస్ట్రేట్లనుంచి స్థానిక కౌన్సిళ్ల చేతికి పోయింది. మద్యం అమ్మకానికి బాధ్యత వహించేవాడికి వ్యక్తిగత లైసెన్సు వుండాలి. అందుకు ఒకరోజు పాఠం, ఆ సాయంత్రమే నలభై ప్రశ్నల పరీక్ష. నాలుగేసి జవాబులలోంచి సరైనది గుర్తుపెట్టాలి. ఇరవై ఎనిమిది ఒప్పయితే ఉత్తీర్ణుడు. నేరచరిత్ర లేదని ఒక పత్రం, ముప్పై ఏడు పౌండ్ల రుసుం. పద్దెనిమిదేళ్లు నిండనివాడికి అమ్మరాదు, అప్పటికే తాగి తూలుతున్నవాడికి అమ్మరాదు, విస్కీని చట్టం చెప్పిన కొలతలోనే పోయాలి అన్నవి ఆ పరీక్ష చెప్పే సంగతులు. అన్నీ అవసరమే. పీపాను ఎట్లా తెరవాలి, పాతికేళ్లుగా ఒకే మూల కూర్చొంటున్న ముసలాయన్ను లేవమనకుండా ఎట్లా వుండాలి, ఆరునెలల అద్దె బాకీ పడితే పెళ్లానికి ఏమని చెప్పాలి అన్నవి అందులో లేవు.

భార్యాభర్తలిద్దరు ఉద్యోగాలు మాని ఒక పల్లెటూరి పబ్బు తీసుకొన్నారని అనుకొందాం. వారు మొదట ఎదుర్కొనేది బీరు కాదు, కాగితం. పబ్బును సొంతంగా కొనేంత డబ్బు అందరికీ వుండదు. కనుక బ్రూవరీ దగ్గరో, వందలకొద్దీ పబ్బులున్న కంపెనీ దగ్గరో కౌలుకు తీసుకొంటారు. ధరావతు కట్టాలి. నేలమాళిగలో వున్న సరుకు కొనాలి. కుర్చీలు, బల్లలు, గ్లాసులు, వంటపొయ్యిలు పోయే కౌలుదారువి; ఇరుపక్షాల మదింపుదారులు వచ్చి ఒక్కొక్కటే లెక్కపెట్టి వెల కడితే, వచ్చేవాడు ఆ వెల చెల్లించాలి. కాలు విరిగిన బల్లకు కూడా వెలవుంటుంది. ఈలోగా ఇద్దరి పొదుపూ ఖర్చైపోతుంది. కొందరు ఇల్లు అమ్ముకొని వస్తారు. పబ్బు మేడమీది గదులు వున్నాయి గదా అని ధైర్యం. ఆ ధైర్యంలోనే అపాయం కూడా వున్నది. వ్యాపారం చెడ్డనాడు వ్యాపారంతో బాటు తల దాచుకొనే చోటూ పోతుంది. మన ఊళ్లో కిరాణా కొట్టు దివాలా తీసినవాడు కనీసం ఆ రాత్రికి తన ఇంటికి పోయి పడుకొంటాడు.

రెండవ పేచీ ‘టై’ అనే కట్టుబాటు. కౌలుదారు తన బీరును కంపెనీ చెప్పినచోటనే, కంపెనీ చెప్పిన ధరకే కొనాలి. బయటి టోకు వ్యాపారి దగ్గర అదే పీపా ఎంతో చవకగా దొరుకుతుండవచ్చు, కొనరాదు. దొంగచాటుగా కొంటాడేమోనని గొట్టాలకు మీటరు బిగించిన కంపెనీలు సైతం వున్నవి. గింజలూ ఎరువులూ ఆసామి కొట్టులోనే కొనాలనే షరతుమీద పొలం కౌలుకిచ్చినట్లన్నమాట. బీరుమీద ఎక్కువ లాగుతున్నాము గనుక అద్దె తగ్గించి ఇస్తున్నామని కంపెనీలు అంటాయి. ఆ తగ్గింపు ఈ పెంపుకు సరిపోతుందా అన్నదే దశాబ్దాల తగాదా. పెద్ద బ్రూవరీల గుత్తాధిపత్యం మితిమీరిందని 1989లో ప్రభుత్వం ఉత్తర్వులు జారీచేసి, రెండువేలకు మించి పబ్బులున్న బ్రూవరీల పట్టు సడలించింది. ఆ ఉత్తర్వుల ఫలితం విడ్డూరం. బ్రూవరీలు వేలకొద్దీ పబ్బులను వదిలించుకొన్నవి; వాటిని కొనడానికి బీరు కాయని కొత్త కంపెనీలు పుట్టుకొచ్చి, పాత కట్టుబాటునే కొత్తగా బిగించినవి. పులిని తరిమితే తోడేలు వచ్చిందని కౌలుదార్ల గోల. 2016 జూలైలో ‘పబ్స్ కోడ్’ అనే నిబంధనావళి వచ్చి, అయిదు వందలు అంతకు మించి ఇటువంటి పబ్బులున్న కంపెనీలను అదుపులో పెట్టడానికి ఒక న్యాయనిర్ణేతను నియమించింది. కొత్తవాడు సంతకం పెట్టకముందే శిక్షణ పొందాలని, స్వతంత్ర సలహాదారు సాయంతో వ్యాపార ప్రణాళిక తయారు చేసుకోవాలని అందులో వున్నది. చట్టం ఇంత గట్టిగా చెప్పవలసి వచ్చిందంటే, అంతకుముందు ఎందరు కళ్లు మూసుకొని సంతకం పెట్టారో ఊహించుకోవచ్చు.

ఇక నేలమాళిగ. అసలు విద్య అక్కడ వున్నది. సంప్రదాయమైన ఇంగ్లీషు ఏలు పీపాలో చేరిన తరువాత కూడా ప్రాణమున్న పదార్థం. లోపల ఈస్టు పనిచేస్తూనే వుంటుంది. మజ్జిగ కుండను, ఆవకాయ జాడీని ఎరిగిన తెలుగు ఇల్లాలికి ఈ సంగతి చెప్పనక్కరలేదు; ఇంగ్లండు గుమాస్తాకు మాత్రం కొత్త. పీపాను కదలకుండా దిమ్మమీద పరుండబెట్టి, మడ్డి అడుగున పేరుకొనేదాకా ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. ఆ మడ్డి తొందరగా దిగడానికి చేప తిత్తినుంచి తీసిన జిగురు వాడే ఆచారం చిరకాలంనుంచి వున్నది. పీపా పైభాగాన గాలి ఆడే మెత్తని కొయ్యమేకు దిగగొట్టి లోపలి వాయువును నిదానంగా పోనివ్వాలి. పొంగు తగ్గాక దాన్ని తీసి గట్టి మేకు కొట్టాలి. గది పన్నెండు డిగ్రీల సెల్సియసుకు ఒక డిగ్రీ అటూ ఇటూ వుండాలి. వేడెక్కితే పులుస్తుంది, చల్లబడితే మసకబారుతుంది. వాయువు గాలికన్నా బరువైనది కనుక నేలమాళిగ అడుగున పేరుకొని మనిషి ప్రాణం తీయగలదు. పీపానుంచి పంపుదాకా పోయే గొట్టాలను వారానికొకసారి క్షారద్రవంతో కడిగి, ఆ ద్రవం చుక్క మిగలకుండా నీళ్లు పట్టాలి. వారం తప్పిస్తే బీరు రుచి మారుతుంది. ఎందుకు మారిందో ఎవరూ చెప్పరు. నవ్వుతూ ‘గుడ్ నైట్’ అని వెళ్లిపోయి, మరునాటినుంచి పక్క ఊరి పబ్బుకు పోతారు.

చిన్న పీపాను ఫిర్కిన్ అంటారు. తొమ్మిది గాలన్లు, అంటే డెబ్భై రెండు పింట్లు. తెరిచిన పీపాను సుమారు మూడు రోజుల్లో అమ్మివేయాలి, లేకపోతే పారబోయాలి. మడ్డికింద పోయేదాన్ని పక్కనపెట్టినా, రోజుకు ఇరవై పై చిలుకు పింట్లు ఒక్క రకమే పోవాలన్నమాట. కొత్తవాడు ఉత్సాహంకొద్దీ ఆరు రకాల ఏలుకు ఆరు పంపులు బిగిస్తాడు. ఊరంతా కలిసి వచ్చినా రోజుకు యాభై పింట్లు తాగరు. బుధవారం తెరిచిన పీపా శనివారానికి పులిసిపోతుంది. శనివారమే గదా జనం వచ్చేది! ఇద్దరు నడిపే పబ్బులో రెండు పంపులు మంచివో ఆరు మంచివో చెప్పడానికి సాహిత్య పట్టం అక్కరలేదు, ఎక్కాలు వస్తే చాలు. అయినా ఈ ఎక్కం తప్పినవారు అసంఖ్యాకులు.

పైన బారులో మరొక పరీక్ష. తాను యజమాని అనుకొనే కొత్తవాడికి మొదటి వారంలోనే తెలిసివస్తుంది, అసలు యజమానులు రోజూ వచ్చే పదిమందేనని. ఫలానా ఎత్తుపీట ఫలానావారిది. ఫలానావారి గ్లాసు పిడివున్నది. ఫలానా ఇద్దరు 1990నుంచి మాట్లాడుకోరు. గోడ రంగు మార్చినా, పాత కార్పెటు తీసినా తమ ఇంట్లో దొంగలు పడినట్లు బాధపడతారు. వాళ్లను మెప్పిస్తే కొత్తవాళ్లు రారు. కొత్తవాళ్ల కోసం మారిస్తే పాతవాళ్లు పోతారు. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడన్నట్లు, తొలి ఏడాది లాండ్‌లార్డు ఉదయం ఏడింటికి గొట్టాలు కడగడంతో మొదలుపెట్టి అర్ధరాత్రి గ్లాసులు తుడవడంతో ముగిస్తాడు. మధ్యలో తాగినవాడికి ఇక పోయనని చెప్పాలి. చట్టం చెప్పమంటుంది, చెప్పించుకొనేవాడు ఆరడుగుల మనిషి, పైగా పొరుగింటివాడు. ‘మీరూ ఒకటి తీసుకోండి’ అని కొనిపెట్టే మర్యాద మరొక ఉచ్చు. కాదంటే గర్వమంటారు, ఔనంటే రాత్రికి పది గ్లాసులు. తాగుడు సంబంధమైన మరణాలు ఎక్కువగా నమోదైన వృత్తులలో పబ్బు నడపడం ఒకటన్న సంగతి బ్రిటిషు ప్రభుత్వ గణాంకాలలోనే వున్నది.

అనుభవం లేనివాడు నెగ్గుకురాలేడా అంటే, వచ్చినవారూ వున్నారు. టిమ్ మార్టిన్ అనే న్యాయశాస్త్ర పట్టభద్రుడు 1979లో ఉత్తర లండనులోని మస్వెల్ హిల్‌లో ఒక చిన్న పబ్బు తీసుకొన్నాడు. బారిస్టరు చదువు ముగించాడు గాని ఆ వృత్తి చేయలేదు. తనకు చదువు చెప్పిన ఒక ఉపాధ్యాయుడు తరగతిని అదుపు చేయలేకపోయేవాడట. తాను పబ్బును అదుపు చేయలేకపోతున్నానని గ్రహించి, ఆ గురువుగారి ఇంటిపేరే పబ్బుకు పెట్టాడు. ఆ పేరు వెదర్‌స్పూన్. అది పెరిగి వందలకొద్దీ పబ్బుల సంస్థ అయింది. ఆర్వెల్ ఊహించిన ‘మూన్ అండర్ వాటర్’ పేరు ఆ సంస్థవారి పబ్బులలో అనేకం ధరించినవి. అయితే ఒకరు గెలిచిన కథను పదిమంది చెప్పుకొంటారు. ఓడినవారి కథ మదింపుదారు లెక్కల పుస్తకంలో వుండిపోతుంది. 2000లో బ్రిటనులో అరవై వేలకు పైగా వున్న పబ్బులు పాతికేళ్లలో నలభై అయిదు వేల దరిదాపులకు దిగినవి. పొగతాగడం నిషేధించిన 2007 చట్టం ఒక కారణమన్నారు, అంగళ్లలో చవక బీరు మరొకటన్నారు. 2020 మార్చి 20 రాత్రి దేశంలోని పబ్బులన్నీ కోవిడ్ కారణంగా మూయమని ఆజ్ఞ అయింది. తెరిచివున్న పీపాలన్నీ కాలువపాలైనవి. యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు కూడా ఈ ఆజ్ఞ రాలేదు.

ఈ వృత్తిలోకి అనుభవం లేకుండా దిగినవారందరిలో భారతీయులకు ఎక్కువ ఆసక్తి కలిగించవలసినవారు వేరే వున్నారు. వాళ్లు పగటికలలు కనలేదు. వాళ్ల కథకు మొదలు బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథ్‌విక్, వెస్ట్ బ్రామిచ్, ఓల్డ్‌బరీల ఇనుప పోతకర్మాగారాలు. యాభై, అరవై దశకాలలో పంజాబునుంచి వెళ్లిన యువకులు వేలమంది అక్కడ కరిగిన ఇనుము ముందు నిలబడి పనిచేశారు. షిఫ్టు దిగినవాడికి దాహం, ఎదురుగా పబ్బు. లోపలికి పోతే, మంచి గది తెల్లవారికి మాత్రమే. మీరు ఆ వెనకగదిలోకి పొండి, లేదా అసలు రావద్దు అనేవారు. అప్పటికి దాన్ని నేరమనే చట్టం లేదు. జలంధర్ జిల్లానుంచి 1958లో వెళ్లి పోతకర్మాగారంలో కూలిగా చేరిన అవతార్ సింగ్ జౌహల్, ఆయనతోబాటు ఇండియన్ వర్కర్స్ అసోసియేషనువారు ఈ వర్ణవివక్షమీద పోరు సాగించారు. తెల్ల విద్యార్థుల సాయంతో, ఒకే బారులో ఎవరికి పోస్తున్నారో ఎవరికి పోయడం లేదో రుజువులు కూడగట్టేవారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నీగ్రో నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథ్‌విక్ వచ్చినప్పుడు జౌహల్ ఆయన్ను ఒక పబ్బుకు తీసుకొనిపోయాడు. ప్రపంచమంతా పేరు తెలిసిన ఆ మనిషికీ ఆ గదిలో పోయమన్నారు. ఆ తరువాత తొమ్మిదో రోజున ఆయన న్యూయార్కులో హతుడైనాడు. ఆ ఏడాది చివరనే, బహిరంగ స్థలాలలో జాతి వివక్ష చూపరాదనే చట్టం బ్రిటనులో తొలిసారిగా అమలులోకి వచ్చింది. పబ్బులు దాని కిందికి వచ్చినవి.

చట్టం తలుపు తెరిచింది. లోపలికి రమ్మనడం వేరే సంగతి. ఎనభయ్యో దశకం ఆరంభంలో ఆర్థిక మాంద్యం వచ్చి పోతకర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి మూతబడ్డాయి. తెల్లవాడూ పంజాబీ ఒకే క్యూలో నిలబడి లెక్క తేల్చుకొని బయటపడ్డారు. జనం చేతిలో డబ్బులేక ఆ వీధుల పబ్బులు కూడా చావుకు దగ్గరైనవి. బ్రూవరీలకు కౌలుదార్లు దొరకడం కష్టమైంది. నలభై అయిదేళ్ల వయసులో, ఇరవై ఏళ్లు ఇనుము పోసిన చేతులకు మళ్లీ పని ఎవరిస్తారు? కర్మాగారం ఇచ్చిన పరిహారపు డబ్బు, అన్నదమ్ముల దగ్గర చేబదులు కలిపి, కొందరు ఆ పబ్బులనే కౌలుకు తీసుకొన్నారు. ఒకప్పుడు ఏ గదిలో అడుగు పెట్టనివ్వలేదో ఆ గది తాళంచెవులు చేతికి తీసుకొన్నవాళ్లు వాళ్లలో వున్నారు.

బీరు వ్యాపారం వాళ్లకు తెలియదు. బల్లకు ఇవతలి వైపునుంచి తెలిసినంతే. తెలిసినవి రెండు. పొద్దున లేచి అర్ధరాత్రి దాకా పనిచేయడం ఒకటి. రెండవది వంట. ఆ వంట వాళ్లది కూడా కాదు, వాళ్ల భార్యలది. చిప్స్ పొట్లం, ఉడకబెట్టిన గుడ్డు తప్ప దొరకని పబ్బులలో ఇనుప పళ్లెంమీద బుసలుకొడుతూ తందూరి కోడి, సీక్ కబాబు, ఉల్లిపాయలు వచ్చినవి. దానికి ‘మిక్స్‌డ్ గ్రిల్’ అని ఇంగ్లీషు పేరే పెట్టారు. తక్కినదేదీ మార్చలేదు. బాణాల పలక అక్కడే, పాత కార్పెటు అక్కడే, స్థానిక ఫుట్‌బాల్ జట్టు కండువా అక్కడే. వెళ్లిపోయిన తెల్లవాళ్లు వెళ్లిపోయారు. వుండినవాళ్లు పళ్లెం వాసనకు వుండిపోయారు. కొత్తవాడు దేన్ని మార్చాలి, దేన్ని ముట్టుకోరాదు అనే ప్రశ్నకు, చదువుకొన్న గుమాస్తాలు తప్పిన పరీక్షలో, వీళ్లు వంటింటి వైపునుంచి జవాబు రాశారనవచ్చు.

ఇప్పుడు వాటిని ‘దేశీ పబ్బులు’ అంటున్నారు. 2016లో వెస్ట్ బ్రామిచ్‌లోని ‘రెడ్ లయన్’ పబ్బులో ఈ వలసజీవుల కథకు గుర్తుగా రంగుటద్దాల కిటికీ అమర్చారు. సంప్రదాయ ఏలు రక్షణకోసం 1971లో పుట్టిన వినియోగదార్ల సంస్థ కామ్రా 2023లో డేవిడ్ జేసుదాసన్ రాసిన ‘దేశీ పబ్స్’ అనే గ్రంథాన్ని ప్రచురించింది. కంపెనీలు కట్టడాలను అమ్మకానికి పెట్టినప్పుడు ధైర్యం చేసి కొనుక్కొన్నవారు కొందరున్నారు. లాండ్‌లార్డు అనే మాట వారికి అక్షరాలా వర్తిస్తుంది. కొన్నిచోట్ల తండ్రుల తరువాత పిల్లలు బారు వెనుక నిలబడుతున్నారు. మేడమీది గదిలో కూర్చొని బడి లెక్కలు చేసుకొని, రాత్రి తొమ్మిదింటికి కిందికి దిగి ఖాళీ గ్లాసులు ఏరినవాళ్లు వాళ్లు. పీపా మీద వేలితో కొట్టి లోపల ఎంత మిగిలిందో చెప్పగలరు. నలభై ప్రశ్నల పరీక్ష మాత్రం వాళ్లూ రాయవలసిందే.